డిజిటల్ ప్రకటనఫలకము – తెలుగు వాక్యము

విశ్వవిద్యాలయ శాఖలలో పూర్వము నోటీసు బోర్డు ఉండెడి చోట నేడు డిజిటల్ ప్రకటనఫలకము కనబడుచున్నది. గోడకు తగిలించిన విద్యుత్తెర యొకటి. దానిపై క్షణక్షణము మారుచు, ఒక చుట్టు ముగియగానే మరల మొదటినుండి వచ్చు పలకలు కొన్ని. ఒక్కొక్క పలకను స్లైడు అందురు. సదస్సు, స్మారకోపన్యాసము, పరిశోధన వేతనము, ప్రవేశపరీక్ష – ఏ విషయమును పదిమందికి తెలుపవలసివచ్చినను శాఖవారొక స్లైడును సిద్ధపరచి ఫలక నిర్వాహకునకు సమర్పింతురు. ఈ పని సామాన్యముగా కంప్యూటరు తెలిసిన గుమాస్తాకో, పరిశోధక విద్యార్థికో అప్పగింపబడును. రంగులను, బొమ్మలను కూర్చుటయందు చూపు శ్రద్ధ వాక్యమును కూర్చుటయందు కానరాదు. ఆంగ్ల ప్రకటనను మాటకు మాటగా తెనిగించుటయో, కార్యాలయపు ఉత్తరమును ఉన్నదున్నట్లు తెరపై నెక్కించుటయో పరిపాటియైనది. తెలుగు శాఖలును దీనికి మినహాయింపు కావు.

తెరకు తగిన వాక్యము తెలుగునకు క్రొత్తగా నేర్పవలసినది కాదనియు, అది మన చాటింపులయందును శాసనములయందును ఎప్పటినుండియో ఉన్నదనియు, దానిని గుర్తించి వాడుకొనుటయే మన పని యనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. నిదర్శనమునకు గోదావరిఖని ప్రాంతమును గైకొంటిని. ప్రకటన యనునది అలంకారము కాక అవసరమైన ఊరది.

1. గోదావరిఖని

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఆ బొగ్గును త్రవ్విన సంస్థయే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు ధరించినది. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు 51, కేంద్రప్రభుత్వమునకు 49 పాళ్లు కలవు. గోదావరి నానుకొని రామగుండము ప్రక్క పెరిగిన గనుల ఊరే గోదావరిఖని. 2016 వరకు ఇది కరీంనగరము జిల్లాలోనిది. తరువాత క్రొత్తగా ఏర్పడిన పెద్దపల్లి జిల్లాలో చేరినది.

గనిలో పని మూడు షిఫ్టులుగా సాగును. ఒకరు దిగునపుడు మరియొకరు ఎక్కుదురు. అందరును ఒకచోట కూడి వినుట దుర్లభము. కావున మాట నిలిచి చెప్పవలెనన్న గోడయే శరణ్యము. 1952 నాటి గనుల చట్టము ఈ అవసరమును గుర్తించినది. పనివేళలను తెలుపు ప్రకటనను గని కార్యాలయము వెలుపల అంటింపవలెనని దాని 36వ సెక్షను విధించెను. చట్టనియమముల సంగ్రహమును ఆంగ్లమునందును, నిర్ణీతమైన ఇతర భాషలయందును గనియొద్ద అంటించి యుంచవలెనని 62వ సెక్షను విధించెను. దేశభాషలో గోడప్రకటన యుండుట కార్మికుని హక్కుగా శాసనబద్ధమైన సందర్భములలో ఇది ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టము వచ్చినది 1966లో; గనియొద్దకు దేశభాష అంతకు పదునాలుగేండ్లు ముందుగనే చట్టము ద్వారా చేరినది.

2003 జూన్ 16న గోదావరిఖని 7వ నంబరు ఎల్.ఈ.పీ. గనిలోనికి నీరు ముంచుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ప్రకటనలు నీటిని ఆపజాలవు. ఆ ప్రమాదమునకు గోడమీది మాట కారణమనుట కాదు. కాని ప్రమాదము నిత్యము పొంచియుండుచోట హెచ్చరిక యొక్క విలువ ఎంతటిదో ఊహించుటకు ఇది చాలును. విశ్వవిద్యాలయపు తెరపై ప్రాణాపాయము లేదు. అయినను వేతనమునకు దరఖాస్తు చేయు చివరి తేదీని గ్రహింపలేకపోయిన విద్యార్థికి ఒక సంవత్సరము నష్టమగును. గనికార్మికుల బిడ్డలు మొదటితరముగా విశ్వవిద్యాలయములకు వచ్చు ప్రాంతమున ఈ నష్టము చిన్నది కాదు.

2. చాటింపు, శాసనము

ప్రకటనకు మన భాషలో చాటింపు, దండోరా, తాకీదు మొదలైన పేర్లు పెక్కు కలవు. నిజాము రాష్ట్రమున ఉర్దూ అధికారభాషగా ఉన్న కాలమున ఇస్తిహారు అను మాటయు తెలంగాణమున వ్యాపించినది. వీనిలో చాటింపు నిర్మాణము డిజిటల్ ఫలకమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. మొదట డప్పు మ్రోగును, పోవువారు నిలుతురు. పిమ్మట విషయము ఒక్క గ్రుక్కలో చెప్పబడును. చాటువాడు నాలుగడుగులు నడచి, మరల డప్పు కొట్టి, అదే మాటను మరల చెప్పును. తెరయు అట్లే ఒకే మాటను చుట్టు తిరిగి చెప్పుచున్నది. మొదటిసారి విననివాడు రెండవసారి వినునను నమ్మకమే రెంటికిని ఆధారము.

"ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునదేమనగా" అను చాటింపు మొదలును ఇచ్చట పరిశీలింపదగినది. దీనియందు రెండు ప్రయోజనములు కలవు. మొదటిది, విషయము రాకముందు వినువాడు చెవి యొగ్గుటకు వ్యవధి దొరకును. రెండవది వ్యాకరణ సంబంధమైనది. తెలుగు వాక్యమున క్రియ తుదకు వచ్చును. 'ఏమనగా' అను పదమువలన ప్రధానక్రియ ముందే చెప్పబడి, విషయము దాని వెనుక స్వేచ్ఛగా నిలుచును. వినువాడు క్రియకొరకు ఎదురుచూడనక్కరలేదు. కార్యాలయపు భాష ఈ సూత్రమును తలక్రిందులు చేసినది. 'ఇందుమూలముగా'ను వదలలేదు; 'తెలియజేయడమైనది' అను క్రియను మాత్రము తీసి వాక్యపు తుదకు పెట్టినది. చాటింపునకు బలమైన మాట ఉత్తరమున భారమైనది.

శాసనములయందు ఇంకొక మార్గము కనబడును. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లియందు వేయించిన అభయశాసనము సముద్రవర్తకులకై చేసిన బహిరంగ ప్రకటన. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన సరుకును పూర్వపు రాజులవలె అపహరింపమనియు, నియతమైన సుంకమునే గ్రహింతుమనియు అందు హామీ కలదు. సరుకులవారీగా సుంకముల పట్టికయు కలదు. పట్టికకు క్రియతో పనిలేదు. సరుకు పేరు, దాని ప్రక్క సుంకము – చదువరికి అంతకు మించి అక్కరలేదు.

కరీంనగరము ప్రాంతముననే కురిక్యాల సమీపమున బొమ్మలమ్మగుట్టపై జినవల్లభుడు వేయించిన పదవ శతాబ్ది శాసనము కలదు. అందలి తెలుగు కందపద్యములు సాహిత్య చరిత్రకారులకు సుపరిచితములు. ఆ శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలయందున్నది. బండపై ఒక భాష ముగిసిన పిదపనే ఇంకొకటి వచ్చును. ఒకదానినొకటి ఇరుకున పెట్టవు. తెలుగు, ఉర్దూ, హిందీ మాటలాడువారు కలిసి పనిచేయు బొగ్గుగనుల ప్రాంతమున ఈ పద్ధతి నేటికిని అనుసరణీయము. ఒకే స్లైడున రెండు భాషలను చిన్న అక్షరములతో ఇరికించుటకంటె, ఒకదాని వెనుక ఒకటిగా రెండు స్లైడులు సమర్పించుట మేలు.

3. వాక్యము

ఇక తెరపై వాక్యము ఎట్లుండవలెనో చూతము. కల్పితమైన ఒక ప్రకటనను ఉదాహరణముగా గ్రహింతము.

"తెలుగు శాఖ ఆధ్వర్యమున 'బొగ్గుబాయి మాటలు' అను విషయముపై ఈ నెల 28వ తేదీన నిర్వహింపబడనున్న ఒకరోజు సదస్సునందు పాల్గొనదలచిన విద్యార్థినీ విద్యార్థులు తమ తమ పేర్లను 20వ తేదీ సాయంత్రము 5 గంటల లోపల శాఖా కార్యాలయమునందు నమోదు చేయించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఇందు వ్యాకరణ దోషము లేదు. కాగితముపై చదివినచో అర్థమగును. తెరపై మాత్రము ఇది నిలువదు, కారణములు మూడు. మొదటిది, చదువరి ఎపుడును స్లైడు మొదటనే రాడు; నడుమ వచ్చును. తుది క్రియ చేరకముందే స్లైడు మారిపోవును. రెండవది, ఇందు తేదీలు రెండు. ఏది సదస్సునకు, ఏది నమోదునకు అను విచక్షణ విశేషణ వాక్యముల నడుమ దాగియున్నది. మూడవది, విద్యార్థి చేయవలసిన పని యగు 'నమోదు' అను మాట ముప్పాతిక వాక్యము గడచినపిదప గాని రాదు.

దీనినే ఈ విధముగా మార్చవచ్చును:

బొగ్గుబాయి మాటలు
ఒకరోజు సదస్సు
జనవరి 28, ఉదయం 10 గంటలు
తెలుగు శాఖ సమావేశ మందిరం
పేరు నమోదుకు చివరి రోజు: జనవరి 20
శాఖ కార్యాలయంలో, సాయంత్రం 5 వరకు

పై ఆరు పంక్తులలో క్రియ ఒక్కటియు లేదు. దీనిని ఆంగ్ల పత్రికల శీర్షికలకు అనుకరణమని కొంద రనవచ్చును. అది సరికాదు. ఆంగ్లమున 'ఉండు' అను అర్థముగల క్రియ వాక్యమునకు ఆవశ్యకము. శీర్షికలో దానిని తొలగించుట లోపింపజేయుటయే. తెలుగున 'ఆయన మా గురువుగారు', 'సెలవు రేపు', 'చివరి రోజు మంగళవారము' అనునవి పూర్ణవాక్యములు. నామము నామముతో చేరి క్రియాపదము లేకయే నిలుచుట మన భాషకు సహజధర్మము. తెరకు ఆధారము ఈ ధర్మమే. సుంకముల పట్టికయు, పై స్లైడును ఒకే వ్యాకరణమున నడచుచున్నవి.

నిషేధవాక్యమునకు మరింత జాగ్రత్త వలయును. తెలుగున నిషేధార్థము క్రియాంతమున ఉండును. 'అగ్గిపెట్టె, బీడీలు గనిలోనికి తీసికొనిపోరాదు' అను వాక్యమున 'రాదు' అను తుది పదమునందే సారమంతయు నున్నది. చోటు చాలక 'తీసికొనిపో' ఒక పంక్తిలోను, 'రాదు' మరుసటి పంక్తిలోను పడినచో, తొందరలో చూచువానికి విపరీతార్థము స్ఫురింపవచ్చును. నిప్పు పుట్టించు వస్తువులను భూగర్భ గనిలోనికి కొనిపోవుట నియమవిరుద్ధమని కార్మికుడు ఎరుగును గనుక అక్కడ అపార్థమునకు తావు తక్కువ. క్రొత్త విద్యార్థికి ఆ పూర్వజ్ఞానము ఉండదు. 'అగ్గిపెట్టె, బీడీలు – నిషేధం' అనినచో నిషేధము విడిపదమై ఎదురుగా నిలుచును. 'దరఖాస్తులు స్వీకరింపబడవు' అనుటకంటె 'దరఖాస్తుల గడువు ముగిసింది' అనుట ఈ కారణముననే మేలు.

4. పదము

గోదావరిఖని అను పేరులోని 'ఖని' సంస్కృత శబ్దము. 'గని' దాని తద్భవము. కార్యాలయమున 'మైను' అందురు. కార్మికుడు మాత్రము 'బాయి' అనును. తెలంగాణమున బావిని బాయి అనుట కలదు. భూమిలోనికి త్రవ్విన బొగ్గుగనియు జనుల నోట బొగ్గుబాయి అయినది. ఊరిపేరు సయితము వాడుకలో కురుచయై 'ఖని'గా మిగిలినది. ఒకే వస్తువునకు ఇట్లు మూడు నాలుగు పేర్లున్నపుడు స్లైడుపై ఏది వ్రాయవలెను? చదువువాడు ఎవరో వాని మాటయే వ్రాయవలెనని సమాధానము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయ పదములతో ప్రారంభించిన మాండలిక వృత్తిపదకోశము వృత్తిజనుల మాటకు శాస్త్రగౌరవమును కల్పించినది. నిఘంటువునకు తగిన మాట తెరకు తగదనుట యుక్తము కాదు.

సంక్షేపములు మరియొక చిక్కు. 'జీడీకే' యన గోదావరిఖని యనియు, 'ఆర్జీ' యన రామగుండము ఏరియా యనియు అచ్చటి బాలుడును ఎరుగును. వరంగల్లునుండి వచ్చినవానికి అవి అక్షరములు మాత్రమే. విశ్వవిద్యాలయములందును పరిశోధన మండలులకు, వేతనములకు, పరీక్షలకు ఇట్టి పొడి అక్షరములే పేర్లు. లోపలివారికి అవి సుఖము. తెరను చూచువారిలో సగముమంది వెలుపలివారు. మొదటి పంక్తిలో పూర్తి పేరును వ్రాసి, సంక్షేపమును క్రిందికి దింపుట మంచిది.

కాలవాచకములయందు గనుల ఊరు నేర్పు పాఠము ప్రత్యేకమైనది. 'సోమవారము రాత్రి షిఫ్టు' సోమవారముననే ముగియదు. అర్ధరాత్రి దాటి మంగళవారపు ఉదయమువరకు సాగును. ఆ షిఫ్టువానికి 'మంగళవారము వేకువ' అనినచో ఏ రాత్రియో సందేహము కలుగవచ్చును. అట్లే 'రాత్రి 12 గంటల వరకు' అను దరఖాస్తు గడువు ఆ తేదీ ఆరంభమున ముగియునా, అంతమున ముగియునా యను ప్రశ్నకు తావిచ్చును. 'జనవరి 20 మంగళవారం, సాయంత్రం 5 వరకు' అని తేదీని, వారమును, వేళను కలిపి వ్రాసినచో ఒకదానికొకటి సాక్షియగును. 'ఈ నెల', 'రేపు', 'రాబోవు సోమవారము' అను మాటలు తెరకు పనికిరావు. తెరపై నున్న మాట నేడు వ్రాయబడినదో, గతవారము వ్రాయబడినదో చదువరి ఎరుగడు.

గ్రంథభాష, వ్యవహారభాష అను పాత వివాదమును ఇచ్చట మరల తెరువనక్కరలేదు. వ్యాసమున 'కార్యాలయమునందు' అని వ్రాయువారును తెరపై 'కార్యాలయంలో' అనియే వ్రాయుదురుగాక. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపుస్తకములకై చేసిన వాదము ప్రకటనఫలకమునకు ఇంకను ఎక్కువగా వర్తించును. ఇచ్చట ప్రతి అక్షరమును చోటును, కాలమును ఆక్రమించును.

5. లిపి

తెలుగు అక్షరమునకు పైన గుడి, ఏత్వము, క్రింద వత్తులు చేరును. 'రాష్ట్రం' వంటి పదము నిలువున మూడంతస్తులు ఆక్రమించును. ఆంగ్లమునకై సిద్ధపరచిన అచ్చులో తెలుగును పోసినచో పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. అందుచేత పంక్తుల నడిమి దూరము అక్షర పరిమాణమునకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉండుట మేలు. ద, ధ, థ అను అక్షరములకు భేదము ఒక చుక్కయో, ఒక గీతయో. ప, ష లకు భేదము లోపలి చిన్న మెలిక. దూరమునుండి మొదట మాయమగునవి ఇవియే.

ఎంత పెద్ద అక్షరము కావలెనో లెక్కించి చూడవచ్చును. 43 అంగుళముల తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లు. అది 1080 చుక్కల వరుసలుగా విభక్తమైయుండును. ఒక పంక్తికి 108 వరుసలు ఇచ్చినచో దాని ఎత్తు 5 సెంటీమీటర్లకు కొంచెము మించును. గుడులకు, వత్తులకు చోటు పోగా అక్షరశరీరమునకు సగము, అనగా సుమారు రెండున్నర సెంటీమీటర్లు మిగులును. చూచు దూరమున రెండువందలవ వంతు ఎత్తు అక్షరమునకు ఉండవలెనను స్థూలసూత్రము ప్రకారము, దీనిని ఐదు మీటర్ల దూరమునుండి చదువవచ్చును. అంచులు విడిచినపిదప అట్టి పంక్తులు ఏడు పట్టును. ఏడు పంక్తులలో ఇముడని విషయము స్లైడునకు తగినది కాదు. దానికి కరపత్రమో, ఉత్తరమో వేరుగా ఉండవలెను.

తెలుగున పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు. అక్షరమును వాల్చి వ్రాయుటయు లిపికి సహజము కాదు. కనుక ప్రాధాన్యమును పరిమాణము, మందము, స్థానము అను మూటితోనే చూపవలెను. ముదురు నేలపై తెలుపో, తెలుపు నేలపై నలుపో ఉత్తమము. ఛాయాచిత్రముపై అక్షరములను పరచినచో వత్తులు చిత్రమున కలిసిపోవును.

అచ్చు విషయమున మరియొక హెచ్చరిక అవసరము. యూనికోడునందు తెలుగునకు 1991 నుండియే స్థానము కలదు. అయినను అను వంటి పాత పద్ధతి అచ్చులు ముద్రణాలయములలో చిరకాలము వాడుకలో నున్నవి. వానిలో కూర్చిన పాఠము, ఆ అచ్చు లేని యంత్రముపై అర్థములేని ఆంగ్లాక్షరములుగా మారును. యూనికోడు పాఠమైనను, తెరను నడుపు యంత్రమున తగిన అచ్చు లేనిచో వత్తులు విడిపోవచ్చును. దీనికి నివారణోపాయము సులభము: పాఠమును పంపక, స్లైడును చిత్రరూపమున పంపవలెను.

6. కాలము

ఒక తెరపై 12 స్లైడులు, ఒక్కొక్కటి 10 సెకనులు నిలుచుననుకొందము. చుట్టు ముగియుటకు 120 సెకనులు పట్టును. తెర కానవచ్చు నడవ పొడవు 10 మీటర్లనుకొన్నచో, సెకనునకు మీటరు పాతిక వేగమున నడచు విద్యార్థి దానిని 8 సెకనులలో దాటును. అతడు చూచునది ఒక స్లైడు. మహా అయినచో రెండవదానిలో కొంత. అనగా పండ్రెండు ప్రకటనలలో పదింటిని అతడు ఆ పూట ఎరుగడు. ఫలకమునకు సమర్పించినంత మాత్రమున విషయము అందరికిని తెలిసినదని భావించుట ఎంతటి భ్రమయో దీనివలన విశదమగును. నడవలోని తెరకు రెండు మూడు పంక్తుల స్లైడు చాలును. గ్రంథాలయపు ద్వారమునొద్దను, భోజనశాలయొద్దను జనులు నిలిచియుందురు గనుక ఏడు పంక్తులు పట్టును.

సెల్‌ఫోనుతో చదువదగిన క్యూఆర్ గుర్తును ప్రతి స్లైడునందును పెట్టుట నేడు ఆచారమైనది. ఆ గుర్తును దాని వెడల్పునకు పదిరెట్ల దూరమునుండి ఫోను గ్రహింపగలదని సామాన్య నియమము. రెండు మీటర్ల దూరమునకు 20 సెంటీమీటర్ల గుర్తు కావలెను. పైన చెప్పిన తెర ఎత్తులో అది మూడవవంతునకు మించును. మూలన పెట్టిన చిన్న గుర్తు శోభకే గాని ప్రయోజనమునకు కాదు. అదియు ఫోనును తీసి తెరచులోగా స్లైడు మారిపోవును. ముఖ్యవిషయమును గుర్తులో దాచక మాటలలోనే చెప్పవలెను.

7. సమర్పణము

పై విషయములను బట్టి సమర్పణ విధానమును ఇట్లు సంగ్రహింపవచ్చును. స్లైడు 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తుగల చిత్రముగా ఉండవలెను. ఫలక నిర్వాహకుడు వేరొక పరిమాణమును కోరినచో దానిని ముందే తెలిసికొనవలెను. చిత్రముతోపాటు విషయమును, ప్రదర్శనము మొదలు కావలసిన తేదీని, ముగియవలసిన తేదీని, బాధ్యుని పేరును వేరుగా వ్రాసి పంపవలెను. ఇతరుల ఛాయాచిత్రములను అనుమతి లేక వాడరాదు.

వీనిలో మిక్కిలి ఉపేక్షింపబడునది ముగింపు తేదీ. గడచిపోయిన సదస్సు తెరపై ఇంకను ఆహ్వానము పలుకుచుండుట చూచిన విద్యార్థి, మరునాడు క్రొత్త ప్రకటనను సయితము నమ్మడు. గనిద్వారమున గతవారపు హెచ్చరిక తొలగింపబడక నిలిచినచో నేటి హెచ్చరికకు విలువ తగ్గును. ప్రకటనకు ప్రాణము నమ్మకము. అది ఒక్కసారి పోయినచో రంగులు, బొమ్మలు దానిని తిరిగి తేజాలవు.

పంపుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. ఆ విషయము తెలియని ఒకరికి స్లైడును పది సెకనులు చూపి, మరుగుపరచి, 'ఏమిటి? ఎపుడు? ఎక్కడ? నీవు చేయవలసినది ఏమి?' అని అడుగవలెను. నాలుగింటికిని సమాధానము వచ్చినచో స్లైడు సిద్ధమైనట్లు. రానిచో లోపము చదువరిది కాదు, వాక్యమునది.

8. ఉపసంహారము

శాసనభాషను, పత్రికాభాషను మన శాఖలు చిరకాలముగా పరిశీలించుచున్నవి. గోడలమీదను, తెరలమీదను నిత్యము పుట్టి నశించు ప్రకటనభాష మాత్రము పరిశోధకుల దృష్టిని అంతగా ఆకర్షింపలేదు. బొగ్గుగనుల ప్రాంతమున భద్రతా ప్రకటనలు, కార్మిక సంఘముల గోడపత్రికలు, గేటు మీటింగుల కరపత్రములు ఈ పరిశీలనకు విస్తారమైన సామగ్రిని ఇయ్యగలవు. తేదీ వేసి వానిని సేకరించుట ప్రథమ కర్తవ్యము. వానియందు క్రియారహిత వాక్యములు, నిషేధరూపములు, వృత్తిపదములు ఏయే సందర్భములలో ప్రయుక్తములో గుర్తించుట రెండవది. అట్టి సేకరణమునకు పూనుకొను విద్యార్థి, తన శాఖ తెరకు స్లైడు వ్రాయుటతోనే ఆ పనిని ఆరంభింపవచ్చును.